చివరి వరసలో నూట పద్దెనిమిది

సాయంత్రం ఆరయ్యేసరికి అన్న ఊపిరి మిల్లు చేతిలోకి పోయేది.

ఇది ఉబుసుపోక అంటున్న మాట కాదు. మిల్లు సైరను మోగుతుంది, ఉక్కు కరిగించే ఫర్నేసు అందుకుంటుంది, ఆ హోరు మూడు వీధుల అవతలున్న కార్మికుల కాలనీ దాకా వస్తుంది. హోరుతో పాటే ఇళ్ళలో బల్బులు ఎర్రబడతాయి. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. నీళ్ళ మోటార్లు మూలుగుతాయి గానీ చుక్క పైకి ఎక్కదు. అన్న మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషను నాలుగుసార్లు కూసి ఆగిపోతుంది. ఆయన ముక్కుకి గొట్టం ఉంటుంది, గొట్టంలో గాలి ఉండదు. తొమ్మిదింటికి ఫర్నేసు ఆపేదాకా మంచం పట్టె పట్టుకుని కూచుని ఒక్కొక్క ఊపిరీ లాక్కోవాలి.

ఆ ఫర్నేసు దగ్గరే ఆయన ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఊపిరితిత్తులు పాడైంది అక్కడి దుమ్ముకే. పాడయ్యాయని తెలిశాక మిల్లువాళ్ళు పనిలోంచి తీసేసి చేతులు దులుపుకున్నారు. సగం ఊపిరి అప్పుడు తీసుకున్నవాళ్ళు మిగతా సగం ఇప్పుడు కరెంటు తీగలోంచి లాక్కుంటున్నారు. దోపిడీకి ఎక్కడో ఒకచోట హద్దుంటుందని మనం అనుకుంటాం. దోచుకునేవాడు ఎప్పుడూ అలా అనుకోడు.

అన్నకి ఉన్నది చెల్లెలొక్కతే. కాలనీలో అందరూ ఆమెని వైండింగక్క అంటారు. కాలిన మోటార్లు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చెయ్యడం ఆమె పని. లోవోల్టేజి పుణ్యమా అని ఆ పనికి కొదవ లేదు. ఎవరైనా సరదాకి ఆ మాట అంటే ఆమెకి ఒళ్ళు మండిపోయేది. మీ మోటార్లు నేనే కాల్చానా అని స్క్రూడ్రైవరు ఎత్తేది.

మొదట ఆమె అందరిలాగే కరెంటాఫీసుకి వెళ్ళింది. ఇంజినీరు తల ఎత్తకుండానే అర్జీ రాసుకురమ్మన్నాడు. రాసుకెళ్ళింది. రెండోసారి వెళ్తే రిజిస్టరు తెరిచి చూపించాడు. సాయంత్రం ఆరింటికి, ఏడింటికి, ఎనిమిదింటికి, అన్ని గడుల్లోనూ రెండొందల ముప్పై వోల్టులే. మీ ఇంట్లో వైరింగు పాతబడి ఉంటుంది, మార్పించుకోమని సలహా కూడా ఇచ్చాడు. ఆ రిజిస్టరు రాసే సబ్‌స్టేషన్ ఆపరేటరు అదే కాలనీలో మొదటి వరసలో ఉంటాడు. కాంట్రాక్టు ఉద్యోగం, నోరెత్తితే ఊడుతుంది. ఆ సాయంత్రం ఆమె నిలదీస్తే చెప్పాడు. మీటరు ముల్లు ఎక్కడున్నా రెండొందల ముప్పై అనే రాయాలట. వచ్చిన కొత్తలో ఒకరోజు ఉన్నదున్నట్టు రాస్తే ఆ కాగితం చింపించి మళ్ళీ రాయించారట.

సరే, మీ దయాదాక్షిణ్యాలు మాకక్కర్లేదు అనుకుంది వైండింగక్క. ఆమె చేతిలో విద్య ఉంది. పాత ఇనుప రేకులూ రాగితీగా పోగుచేసుకుని స్వయంగా ఒక స్టెబిలైజరు చుట్టింది. నూట యాభై వచ్చినా దాన్ని రెండొందలకి పైగా ఎత్తి మిషనుకి అందించే పెట్టె అది. ఆ సాయంత్రం ఆరింటికి బల్బు ఎర్రబడింది గానీ మిషను ఆగలేదు. అన్న వెనక్కి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు. చెల్లెలికి ఏడుపొచ్చింది.

రెండో పెట్టె పొడుగాయనకి చుట్టింది. ఆయనా అన్నా ఒకే ఫర్నేసు ముందు పక్కపక్కన నిలబడినవాళ్ళు. రోగం అదే, మిషనూ అదే. ఆయన ఇల్లు పన్నెండో వరసలో ఉంది, కరెంటు తీగ అక్కడితో అయిపోతుంది. ఆయన భార్య ఇస్త్రీ బండి నడుపుతుంది. అన్న స్నేహితుడి భార్య గనక వైండింగక్కకి ఆమె వదిన. పెట్టె బిగించిన రోజు వదిన ఆమెని కూచోబెట్టి అన్నం తినిపించి గానీ పంపలేదు.

ఆ తర్వాత కాలనీ మొత్తం ఆమె కొట్టు ముందు నిలబడింది. మా అత్తకి ఉక్కపోతకి ప్రాణం పోతోందని ఒకరు, మా పిల్ల పరీక్షలని ఒకరు. ఎవర్ని కాదంటుంది? చుట్టింది. మొదటి వరసలో కిరాణా కొట్టతను ఫ్రిజ్జుకొకటి, టీవీకొకటి చుట్టించుకున్నాడు. ఆమె చేతులకి తెమలక కొందరు బజారు నుంచి కొనితెచ్చుకున్నారు. రెండు నెలల్లో సగం ఇళ్ళలో పెట్టెలు వెలిశాయి. ముందు వరసల్లో బల్బులు తెల్లగా వెలుగుతుంటే కాలనీకి మంచి రోజులొచ్చాయని అందరూ అనుకున్నారు.

వెనక వరసలు మాత్రం తగువులకి దిగాయి. మొదటి వరసవాళ్ళు మా కరెంటు తాగేస్తున్నారని చివరివాళ్ళు, మీరే ఎక్కడో కొక్కేలు తగిలించారని ముందువాళ్ళు. కుళాయి దగ్గర ఇద్దరాడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. మిల్లు పేరు ఒక్కళ్ళ నోటా రాలేదు. పేదవాడికి కోపమొస్తే అది పక్కింటి గుమ్మం దగ్గరే ఆగిపోవాలని పైవాళ్ళు కోరుకుంటారు, సరిగ్గా అలాగే ఆగిపోయింది.

ఒక సాయంత్రం ఆరున్నరకి పొడుగాయన చచ్చిపోయాడు. పెట్టె ఉంది, మిషను ఉంది, ప్లగ్గు సాకెట్లోనే ఉంది. వదిన బండి తోసుకుంటూ ఇంటికొచ్చేసరికి ఆయన తలుపు దగ్గర పడి ఉన్నాడు. గాలి కోసం వీధిలోకి రాబోయినట్టుంది.

అంత్యక్రియలైన మర్నాడు సాయంత్రం వైండింగక్క వోల్టులు కొలిచే మీటరు తీసుకుని ఆ ఇంటికెళ్ళింది. తన చేత్తో చుట్టిన పెట్టె ఎందుకు మొరాయించిందో తెలుసుకోకపోతే ఆమెకి కంటిమీద కునుకు పట్టేలా లేదు. పెట్టె విప్పింది. లోపల తీగ నిగనిగలాడుతోంది, ఎక్కడా మాడలేదు. అప్పుడు మీటరు పుల్లలు సాకెట్లో పెట్టింది. నూట పద్దెనిమిది.

నూట నలభైకి దిగువకి పడితే ఆ పెట్టె చేతులెత్తేస్తుంది. బిగించిన రోజు ఇదే సాకెట్లో నూట యాభై అయిదు ఉంది. ఆమె స్వయంగా చూసింది.

వదిన గోడకి ఆనుకుని కూచుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నువ్వు పెట్టిన కొత్తలో బాగానే ఆడింది అమ్మాయ్," అంది. "ముందు వరసల్లో పెట్టెలు పెరిగినకొద్దీ మాది చచ్చింది. నీతో చెబుదామనుకున్నాను. నీ చేతి పనికి వంక పెట్టినట్టుంటుందని ఊరుకున్నాను."

వైండింగక్కకి అప్పుడు అర్థమైంది. పెట్టె వోల్టేజిని ఎక్కడి నుంచో పుట్టించదు. తగ్గినదాన్ని ఎత్తడానికి తీగలోంచి ఇంకాస్త ఎక్కువ కరెంటు గుంజుతుంది. గుంజినకొద్దీ ఆ తీగ మీద తర్వాతి ఇల్లు ఇంకా కిందికి దిగుతుంది. ఆ ఇల్లూ ఒక పెట్టె పెట్టుకుంటే దాని తర్వాతి ఇల్లు. ఒక మోటారు లోపల జరిగేదంతా ఆమెకి కంఠతా వచ్చు. వీధంతా ఒకే తీగ మీద వేలాడుతోందని మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. అన్నని బతికించుకోవడానికి పెట్టె చుట్టింది, ఆ తర్వాత చుట్టినవన్నీ కలిసి అన్న స్నేహితుణ్ణి చంపాయి. ఆమె ఆ మాట తనలో తాను దాచుకోలేదు. మర్నాడు ఆరింటికి నాలుగు వీధుల కూడలిలో నిలబడి అందరి ముందూ చెప్పేసింది.

జనం ఒప్పుకోలేదు. అదేం మాటక్కా, ఆయనకి రోగం ముదిరింది అన్నారు. కొట్టతనైతే మొహం మీదే అనేశాడు, పెట్టెలు తీసేస్తే నా ఫ్రిజ్జులో సరుకు పాడవుతుంది, నువ్వు కట్టిస్తావా అని. వాదించడం ఆమెకి చేతకాదు. పది నిమిషాలు, పదే పది నిమిషాలు, అందరూ పెట్టెలు పీకి చూడండి అంది. మీటరు వదిన చేతికిచ్చి చివరింట్లో కూచోబెట్టింది.

మొదట అన్న తన పెట్టె పీకించుకున్నాడు. మిషను కూసి ఆగింది. తర్వాత ఒక్కొక్క ఇల్లూ కదిలింది. చివరింట్లో వదిన అంకె చదువుతుంటే పదకొండో వరసవాళ్ళు అందుకుని పదో వరసకి, వాళ్ళు తొమ్మిదికి, అలా కేకలు కూడలి దాకా వచ్చాయి. నూట పద్దెనిమిది. నూట ఇరవై మూడు. నూట ముప్పై. అంకె పెరిగినకొద్దీ జనం తమంత తామే ఇళ్ళలోకి పరుగెత్తి ప్లగ్గులు లాగారు. నూట ముప్పై ఎనిమిది దగ్గర కాసేపు ఆగిపోయింది. అందరూ కొట్టతని వైపు చూశారు. అతను గొణుక్కుంటూ లోపలికెళ్ళాడు. నూట నలభై ఆరు.

ఆ తర్వాత చివరి వరస నుంచి కేక రాలేదు. వెళ్ళి చూస్తే వదిన మీటరు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూలబడి ఉంది. ఈ అంకె వారం ముందు వచ్చుంటే ఆయన ఉండేవాడు కదా అంది. కొట్టతను తల దించుకుని పక్కకి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఎవరో అడిగారు, రెండొందల ముప్పై రావాలి కదా, నూట నలభై ఆరు వచ్చింది, మిగతాది ఏదని. తలలన్నీ ఒకేసారి హోరు వినిపిస్తున్న వైపు తిరిగాయి. రెండు నెలలుగా ఒకరి మొహం ఒకరు రక్కుకుంటున్నవాళ్ళకి ఆ సాయంత్రం శత్రువు ఉన్న దిక్కు తెలిసింది.

ఆపరేటరు గుంపులో వెనక నిలబడి ఉన్నాడు. అతనికి కూడా ఇక కడుపులో దాచుకోవడం సాధ్యం కాలేదు. ముందుకొచ్చి చెప్పాడు. మిల్లు తన సొంత లైను వేసుకోవాలని పదేళ్ళ కిందటే కాగితాల మీద ఉంది. స్తంభం ఒక్కటీ నాటలేదు. ఫర్నేసుని తెచ్చి కాలనీ లైనుకే కట్టారు. రోజూ ఆరింటికి పావుగంట ముందు మిల్లు నుంచి ఫోనొస్తుంది, తను ట్రాన్స్‌ఫార్మరు ట్యాపు తిప్పి వోల్టేజి పెంచుతాడు. ఎంత పెంచాలో కాలనీ వాడకాన్ని బట్టి ముందే కొలిచి పెట్టుకున్నారు, ఫర్నేసుకి సరిగ్గా సరిపోయేలా. మనకి దక్కేది దాని ఎంగిలి.

"రోజూ ఇదే వేళకి మనం ఇంతే వాడతామని వాళ్ళ ధైర్యం అక్కా," అన్నాడు. "ట్యాపు పెంచాక మనం ఒక్కసారిగా వాడకం ఆపామనుకో, వోల్టేజి ఎగదన్ని ఫర్నేసు దానంతటదే ఆగిపోతుంది. పెంచకుండా ఉంచినరోజు అందరం ఒక్కసారిగా వేశామనుకో, చాలక పడిపోతుంది. వాళ్ళ ఫర్నేసు మన స్విచ్చుల మీద నడుస్తోంది."

ఆదివారం బడి వరండాలో మీటింగు పెట్టారు. కుర్రకారు మిల్లు గేటు విరగ్గొడదామన్నారు. ముసలివాళ్ళు ఇంకో అర్జీ పెట్టుకుందామన్నారు. ఫర్నేసు దగ్గర ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళు లేచి, లోపల ఇనుము కరుగుతున్నప్పుడు ఆగితే చుట్టూ నిలబడి ఉండేది మేమే, మా ప్రాణాల సంగతేమిటని అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కూడా వాళ్ళే వెతికారు. ఆరింటికి వేసేది చల్లటి ఇనుప తుక్కు, మొదటి పది నిమిషాల్లో ఏదీ కరగదు, అప్పుడు ఆగితే యజమానికి తప్ప ఎవరికీ దెబ్బ తగలదు. మిల్లులో పనిచేసేవాళ్ళూ మిల్లు పక్కన బతికేవాళ్ళూ ఒకే చాప మీద కూచుని మాట్లాడుకోవడం ఆ కాలనీలో అదే మొదలు.

పెట్టెలన్నీ తీసేయాలని తీర్మానించారు. అన్న తన పెట్టె మొదట మోసుకొచ్చి మధ్యలో పెట్టాడు. నాలుగడుగులు నడిచినందుకే ఆయన ఆయాసపడుతున్నాడు. వదిన లేచి దాన్ని మళ్ళీ ఆయన చేతుల్లో పెట్టింది.

"కాలనీలో ఈ ఒక్కటీ ఉండాలి," అంది. "ఒకణ్ణి పోగొట్టుకున్నాను అన్నయ్యా, రెండోవాణ్ణి కూడా పోగొట్టుకోమంటావా?"

సోమవారం సైరను మోగింది. ఫర్నేసు అందుకుంది. ఆరూ అయిదుకి పన్నెండు వరసల్లో మెయిన్ స్విచ్చులు కిందికి దిగాయి. మిల్లు ప్రహరీ మీది దీపాలు తళుక్కున ఎగిసి, ఆ హోరు గొంతు నులిమినట్టు ఆగిపోయింది. జనం ఇళ్ళ ముందుకొచ్చి నిలబడ్డారు. ఆ వేళప్పుడు అంత నిశ్శబ్దం కాలనీ పిల్లలు పుట్టి ఎరగరు. స్విచ్చులు మళ్ళీ వేసుకుంటే చివరింట్లో రెండొందల ఇరవై వచ్చింది. మిల్లువాళ్ళు మూడుసార్లు మొదలుపెట్టారు, మూడుసార్లూ అదే గతి పట్టింది.

మంగళవారం ఇంజినీరు స్వయంగా సబ్‌స్టేషన్లో కూచున్నాడు. ఈ వెధవలు ఇవాళా తీసేస్తారని ట్యాపు పెంచనివ్వలేదు. ఆరింటికి పావుగంట ముందు బల్బుల వెలుగు పెరగలేదని చూసుకున్న కాలనీ స్విచ్చులు తీయలేదు. ఇస్త్రీపెట్టెలు, నీళ్ళ మోటార్లు, హీటర్లు, మూల పడేసిన పెట్టెలు అన్నీ ఒక్కసారి వేసింది. ఫర్నేసు మూలిగి పడిపోయింది. ఆ ఒక్క నిమిషం అన్న మిషను కూడా ఆగింది. ఆయన గుండెల మీద చెయ్యి పెట్టుకుని, దగ్గరికి పరుగెత్తుకొచ్చిన చెల్లెలికి కళ్ళతోనే కానివ్వమని చెప్పాడు.

బుధవారం పొద్దున్నే ఆపరేటరు ఉద్యోగం పీకేశారు. మధ్యాహ్నానికి ఇంజినీరూ, మిల్లు మేనేజరూ, పోలీసులతో ఇనస్పెక్టరూ కాలనీలో దిగారు. ఏళ్ళ తరబడి తల ఎత్తి చూడని ఇంజినీరు గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, సాయంత్రం లైట్లు వేస్తారా తీస్తారా ముందే చెప్పండని అడిగాడు. కాసేపు బతిమాలాడు, కాసేపు బెదిరించాడు. అన్న గుమ్మం ముందుకీ వచ్చాడు.

అన్న ముక్కు గొట్టం సర్దుకుని, తీరిగ్గా ఊపిరి పీల్చుకుని, "అర్జీ రాసుకురండి సార్," అన్నాడు.

వీధంతా ఘొల్లుమంది. ఇంజినీరు మొహం మాడిపోయింది. వైండింగక్క మాత్రం నవ్వకుండా అడగాల్సింది అడిగింది. మిల్లు తన లైను తను వేసుకోవాలి, అప్పటిదాకా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకూ ఫర్నేసు నడపకూడదు, ఈ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. మేనేజరు పళ్ళు కొరుకుతూ ఇనస్పెక్టరు చెవిలో ఏదో చెప్పాడు. ఇనస్పెక్టరు ఆమె రెక్క పట్టుకున్నాడు.

కానిస్టేబులు కాగితం తీసి, నేరం ఏమని రాయాలి సార్ అని అడిగాడు. ఇనస్పెక్టరు ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు మేనేజరు వైపు చూశాడు. సొంత ఇంట్లో సొంత లైటు తీసుకుంది అని రాసే గడి వాళ్ళ కాగితంలో లేదు. ఇనస్పెక్టరు విసుక్కుని, స్టేషనుకెళ్ళాక రాద్దాం ఎక్కించు అన్నాడు. నేరం లేకపోయినా ఖైదీ ఉండాలి. వాళ్ళ చట్టం గురించి తెలియనివాళ్ళెవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

జనం వ్యాను ముందు కూచున్నారు. లాఠీలు లేచాయి. వదినకి తల పగిలింది. కొట్టతనికి మోచెయ్యి విరిగింది. ఈడ్చి ఈడ్చి దారి చేసుకుని వ్యాను బయటపడేసరికి ఆరు కావస్తోంది. వంతెన ఎక్కాక మిల్లు తుక్కు లారీలు అడ్డంగా బారులు తీరి ఉండటంతో ఆగిపోయింది. అక్కడి నుంచి కాలనీ మొత్తం కనిపిస్తుంది. నాయకురాలిని ఎత్తేశాం, ఇక భయం లేదు, ట్యాపు పెంచమని ఇంజినీరు ఫోను చేసినట్టున్నాడు, సైరను మోగింది, ఫర్నేసు అందుకుంది.

ఇనస్పెక్టరు వెనక్కి తిరిగి, ఇవాళ వేస్తారా తీస్తారా అని అడిగాడు. తెలియదు అంది ఆమె. అబద్ధం కాదు, నిజంగానే తెలియదు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పకముందే వ్యాను ఎక్కించారు. ఆమె ప్రాణమంతా అన్న మీదే ఉంది. తను లేని ఇంట్లో ఆ మిషను పక్కన ఎవరున్నారో, ఈ గొడవలో ఆయన్ని ఎవరు చూసుకుంటారో అని ఊచలు పట్టుకుని చూస్తోంది.

ఆరూ అయిదయింది. పన్నెండు వరసలూ ఒక్కసారి ఆరిపోయాయి. మసక వెలుతురులో ఒకే ఒక్క కిటికీ తెల్లగా వెలుగుతూ మిగిలింది.

ఇనస్పెక్టరు నవ్వాడు. "చూశావా, ఒకడు అప్పుడే మీ జట్టు వదిలేశాడు."

ఆమె వరసలు లెక్కపెట్టుకుంది. అది తన ఇల్లే. మిషను ఆడుతోందని, రోడ్డు మీద ఎక్కడున్నా ఆమెకి తెలియాలని, కిటికీ తెరిచి బల్బు తెచ్చి అక్కడ వేలాడదీశారు.

"ఎవరూ వదల్లేదు," అంది. "అక్కడ మా అన్న ఊపిరి తీసుకుంటున్నాడు. దానికి కాలనీ కాపలా కాస్తోంది."

ఆమె మాట పూర్తయ్యేలోగా మిల్లు హోరు తెగిపోయింది. ఇనస్పెక్టరు తిట్టుకుంటూ ఫోను పట్టుకుని వ్యాను దిగి వంతెన అంచుకి వెళ్ళాడు. కానిస్టేబులు ఊచల దగ్గరికి జరిగాడు. పక్క ఊళ్ళో పోలీసు లైన్లలో ఉంటాడట. అక్కడ పక్కన సిమెంటు ఫ్యాక్టరీ ఉందట. గొంతు తగ్గించి, మాకూ ఆరయితే ఫ్యాను తిరగదక్కా, ఇంటికొక పెట్టె పెట్టుకున్నాం అయినా అంతే, ఏం చెయ్యాలి అని అడిగాడు.

ఆమె చేతులకి సంకెళ్ళు వేసింది ఇతనే. ఆమె అతని మొహంలోకి ఒకసారి చూసింది.

"ముందు ఒక మీటరు సంపాదించు తమ్ముడూ," అంది. "పట్టుకుని మీ చివరింటికి వెళ్ళు."